పాత సామాను బజారులో

హైదరాబాదులో మా అబ్బాయి కొత్తగా కొనుక్కున్న ఫ్లాటులో పోయిన వేసవిలో పదిహేను రోజులు ఉండి వచ్చాము. వెళ్ళిన మర్నాడే మా కోడలు ముందు గదిలో కిటికీ దగ్గర మూల చూపించి, "అత్తమ్మా, ఇక్కడొక పాత ఇత్తడి గంగాళం పెట్టి నీళ్ళుపోసి పూలు వేస్తే ఎంత బాగుంటుంది! మన ఇంట్లో పాతకాలం సామానేమైనా ఉందా?" అని అడిగింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. లేకేమి, ఉండేది. గోదావరిఖనిలో మా కంపెనీ క్వార్టరు వెనుక వరండాలో నీళ్ళు కాచుకునే రాగి కాగు ఉండేది. ఇద్దరు ఆడవాళ్ళు చెరొక వైపు పట్టుకుంటే తప్ప లేచేది కాదు. దానికి తోడు ఇత్తడి బిందెలు రెండు, ఒక మరచెంబు, కంచు గిన్నెలు. అవన్నీ 1980లలో ఒక్కొక్కటిగా వీధిలో స్టీలు సామాను తెచ్చేవాని గంపలోకి వెళ్ళిపోయినవి. కాగుకు బదులుగా రెండు స్టీలు బిందెలు, ఒక నాలుగు గిన్నెల క్యారియరు వచ్చినవి. అప్పుడు వాడు మమ్మల్ని మోసం చేశాడని అనుకోలేదు, మేమే గెలిచామనుకున్నాము.

ఇప్పుడు దానికి బాధపడుతున్నామా అంటే అంతగా లేదు. బొగ్గు ఊరిలో కాపురం చేసిన ఆడవాళ్ళకు తెలుసు. ఉదయం తోమి బోర్లించిన ఇత్తడి బిందె మీద సాయంత్రానికి బొగ్గుపొడి కూర్చునేది. చింతపండు, బూడిద పెట్టి తోమి తోమి అరచేతులు పగిలేవి. నల్లా నీళ్ళు వచ్చే ఆ కొద్ది సమయంలోనే తోముడు, నింపుడు అయిపోవాలి. మొదటి షిఫ్టుకు పోయేవారికి తెల్లవారకముందే క్యారియరు కట్టాలి. అలాంటి ఇంటికి స్టీలు గిన్నె వచ్చిందంటే పెద్ద సాయమే వచ్చినట్టు. కాబట్టి మా తరం ఆడవాళ్ళు తెలివిలేక ఇత్తడి పోగొట్టుకున్నారని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. తోమినవారు ఒకరు, ఇప్పుడు అందంగా ఉన్నదని పూలు పెట్టేవారు ఒకరు.

అయినా పిల్ల అడిగింది గదా, కాదనలేక బయలుదేరాము. ప్రయాణాలలో పాత వస్తువులు వెదకి కొనే సరదా ఈమధ్య మన సంఘాలలోని కుటుంబాలలో కూడా కనబడుతున్నది. పెళ్ళికో, ఆసుపత్రికో, పిల్లల చదువుకో హైదరాబాదు వెళ్ళినవారు ఏదో ఒక పాత లాంతరో, చెంబో తెచ్చుకుంటున్నారు. అందుకని మేము చూసినదీ, తెలుసుకున్నదీ, మేము చేసిన తప్పు ఒకటీ ఈ నెల రాస్తున్నాము.

మన వైపునుండి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేవారికి కాజీపేట దాటిన తరువాత జనగామ, ఆ తరువాత పెంబర్తి వస్తాయి. ఎన్ని వందలసార్లు ఆ పేరు కిటికీలోనుండి చదివి ఉంటామో! ఆ ఊరిలో ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మలు తేల్చే పనివారు కాకతీయుల కాలంనుండి ఉన్నారని చెబుతారు. దేవాలయాల వాహనాలకు, తలుపులకు తొడుగులు చేసిన చేతులు నేడు గోడకు తగిలించే పళ్ళాలు, జ్ఞాపికలు చేస్తున్నవి. మన కరీంనగరులో వెండి తీగపని ఉన్నది, నిర్మల్‌లో పొణికి కర్ర బొమ్మలు ఉన్నాయి. ఇంటికి ఒక అందమైన వస్తువు కావాలంటే పాతదే కానక్కరలేదు. పనివాని చేతినుండి నేరుగా కొంటే ఆ డబ్బు ఆ ఇంటి పొయ్యి మీదికి పోతుంది. ఈ మాట కోడలికి చెప్పి చూశాము. "పాతదే కావాలి మామయ్యా, కొత్తదానికి ఆ కళ రాదు" అన్నది. సరే.

హైదరాబాదులో పాత సామానుకు ముఖ్యంగా మూడు చోట్లు తిరిగాము. గురువారంనాడు పురానాపూల్ వైపు జుమేరాత్ బజారు. జుమేరాత్ అంటేనే గురువారం. పురానాపూల్ 1578లో కుతుబ్‌షాహీల కాలంలో మూసీ మీద కట్టిన వంతెన, ఊరికంటే ముందు పుట్టినది. ఇక ఆదివారంనాడు ఎర్రగడ్డ అంగడి, అదే రోజు అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉన్నప్పుడు వాటి ముందు కాలిబాట మీద పరిచే పాత పుస్తకాలు. ఎర్రగడ్డలో మాకు కనిపించినవి ఎక్కువగా పనిముట్లు, మోటార్లు, పాత చెప్పులు, ఫ్యాన్లు. రెంచి కొనేవారికి అది మంచిది. కోడలికి కావలసినది అక్కడ లేదు.

జుమేరాత్ బజారు మాత్రం చూడవలసినదే. నేల మీద గోనెపట్టాలు పరిచి, వాటి మీద ప్రపంచంలోని సమస్తమూ పోసి ఉంటుంది. ముల్లు లేని గడియారాలు, గొట్టం ఊడిన గ్రామఫోనులు, కుర్చీ కాళ్ళు, తాళాలు, తాళం చెవులు వేరే కుప్ప, పింగాణీ పళ్ళాలు, ఎవరివో పెళ్ళిఫోటోలు అద్దంతో సహా. మాలో ఒకరికి ఆ ఫోటోల దగ్గర అడుగు కదలలేదు. పెళ్ళికూతురు తల వంచుకొని ఉన్నది. ఫ్రేము కోసం అమ్ముతారట. ఫోటో తీసి పారవేసి అద్దం బిగించుకుంటారట.

అక్కడ నాలుగైదు గంటలు తిరిగి, గడ్డం తెల్లబడిన ఒక పెద్దాయన దగ్గర కూర్చొని మేము నేర్చుకున్న సంగతులు కొన్ని. ఇత్తడి కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోవాలి. ఇత్తడికి, రాగికి, కంచుకు అయస్కాంతం అతుక్కోదు. అతుక్కుంటే లోపల ఇనుము, పైన పూత. ఇత్తడి రాగి, జింకు కలిసినది. కంచు రాగి, తగరం కలిసినది. కంచును వేలితో మీటితే గంటలాగా చాలాసేపు మోగుతుంది. పగులు ఉంటే బొంగురుగా పలికి ఆగిపోతుంది. పాత పాత్ర అడుగు చూడాలి. నిజంగా ఇంటిలో తిరిగిన పాత్రకు అడుగున నేలకు ఆనిన చోటు అరిగి ఉంటుంది, అంచు చేతులు పట్టుకున్న చోట నునుపుగా ఉంటుంది. అరుగుదల అన్ని వైపులా ఒకే తీరుగా ఉంటే అనుమానించాలి. ఉత్తరప్రదేశ్‌లోని మురాదాబాద్‌లాంటి ఇత్తడి ఊళ్ళనుండి నల్లరంగు పట్టించిన కొత్త సామాను దేశమంతా వస్తున్నది. పాతరకం కొత్తది అని చెప్పి అమ్మితే తప్పులేదు. తాతలనాటిదని చెబితేనే చిక్కు.

ఇంకొక సంగతి, ఇది గృహిణులకు ముఖ్యం. పాత ఇత్తడి, రాగి పాత్రలో వంట చేయదలచుకుంటే కళాయి లేకుండా చేయవద్దు. చింతపండు పులుసు, మజ్జిగ, పచ్చడి కళాయి లేని పాత్రలో చిలుము పట్టి కడుపును పాడుచేస్తాయి. కళాయి అంటే తగరమే. పాత్రను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్క రాసి, దూదితో లోపలంతా తిప్పుతారు. తగరం 232 డిగ్రీల వేడికే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నెను మంట మీద మరచిపోతే ఆ కళాయి కాస్తా కారిపోతుంది. ఒకప్పుడు కళాయివాళ్ళు కొలిమి తిత్తితో మన కాలనీల చివర చెట్టుకింద కూర్చునేవారు, పిల్లలు చుట్టూ మూగేవారు. ఇప్పుడు వారిని వెదకి పట్టుకోవడమే ఇత్తడి కొనడంకంటే కష్టం.

ధర సంగతి. అమ్మేవారు పాత ఇత్తడి తూకం ధర తెలిసి కూర్చుంటారు. తుక్కుకు కరిగించేవాడు కిలోకు ఏమిస్తాడో దానికి తక్కువ ఎవరూ ఇవ్వరు. దాని పైన అడిగేది పనితనానికి, పాతదనానికి, మన ముఖంలో కనబడే ఆశకు. మూడవదానికే ఎక్కువ పోతుంది. కోడలు గంగాళాన్ని చూసి "అబ్బ!" అనగానే ధర పెరిగిపోయింది. అయితే బేరం చేయడానికీ ఒక మేర ఉన్నది. ఆ పెద్దాయన రోజంతా ఎండలో కూర్చున్నాడు. ఫ్లాటుకు లిఫ్టులో ఎక్కేవాళ్ళం వంద రూపాయలకోసం అరగంట అతని నోరు ఎండబెట్టడం మాకే సిగ్గనిపించింది. చివరి రెండు వందలు అడగకుండా ఇచ్చాము.

ఆ గంగాళం మెడకింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఉన్నవి. మన ఇళ్ళలో పెండ్లికి సామాను పెట్టేటప్పుడు బజారులో ఒకడు చిన్న సుత్తి, ఉలి పెట్టుకొని కూర్చొని పేరు కొట్టేవాడు గదా, ఆ విధంగానే. ఒక స్త్రీ పేరు, ముందు ఇంటిపేరు మొదటి అక్షరం, కింద 1962. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. "ఇదొక్కటే బాగాలేదు, ఎవరి పేరో మన ఇంట్లో ఎందుకు?" అన్నది కోడలు. పెద్దాయన వెంటనే, "అమ్మా, దానికేముంది, మెషీను మీద పట్టిస్తే పోతుంది" అన్నాడు. బేగంబజారు వైపు పాలిష్ పట్టేవాని దగ్గరికి పిల్లవాణ్ణి తోడిచ్చి పంపాడు. చక్రం మీద పెట్టాడు. నిమిషం కూడా పట్టలేదు. 1962 పోయింది, ఇంటిపేరు పోయింది, పేరు పోయింది. మేమిద్దరం అక్కడే నిలబడి చూశాము. మనసులో ఏదో కలుక్కుమన్నది గాని నోరు తెరవలేదు. ఇల్లు వాళ్ళది, డబ్బు వాళ్ళది, మనమెందుకు అడ్డుపడడం అనుకున్నాము. ఇదే మేము చేసిన తప్పు.

ఆ బజారులోనే ఇంకొక వస్తువు దగ్గర ఆగాము. బొగ్గుగని సేఫ్టీ దీపం. ఇత్తడి అడుగు, మధ్యలో గాజు, పైన సన్నని తీగజాలి, పైన కొక్కెం. 1815లో ఇంగ్లాండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు మంట చుట్టూ తీగజాలి పెడితే బయట ఉన్న గ్యాసుకు నిప్పు అంటుకోదని కనిపెట్టిన దీపానికి ఇది మనుమడు. గోదావరిఖనిలోనివారికి ఇది ఏమిటో చెప్పనక్కరలేదు. మన సర్దార్లు, ఓవర్‌మెన్లు గనిలో ముందుగా వెళ్ళి ఈ దీపం ఒత్తి తగ్గించి పైకి మెల్లగా ఎత్తి చూసేవారు. మంట మీద నీలిరంగు టోపీలాగా కనిపిస్తే గ్యాసు ఉన్నట్టు. ఆ నీలం ఎంత ఎత్తు ఉన్నదో చూసి లోపలికి మనుషులు పోవచ్చునా లేదా తేల్చేవారు. ఇప్పుడు ఆ పనికి ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చినవి. మా ఇంటి పెద్దాయన కూడా గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ తీసుకున్నవారే. రాత్రి షిఫ్టునుండి ఆయన వచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినేవరకు ఇంటిలో ఎవరికీ నిద్ర పట్టేది కాదు.

అబ్బాయి ఆ దీపాన్ని చూసి "నాన్నా, ఇది కొందాం, తాతయ్య గుర్తుగా హాల్లో తగిలిద్దాం" అన్నాడు. చేతిలోకి తీసుకొని చూశాము. అడుగున ఒక నంబరు కొట్టి ఉన్నది. గనిలో దీపాలగది ఉంటుంది, ప్రతి దీపానికీ నంబరు ఉంటుంది, తీసుకున్నవారు తిరిగి అప్పగించాలి. నంబరు ఉన్న దీపం ఈ గోనెపట్టా మీదికి ఎట్లా వచ్చింది? కంపెనీ పాతదని వేలం వేసి ఉండవచ్చు. ఏ గనినుండైనా దొంగతనంగా వచ్చి ఉండవచ్చు. అమ్మేవాణ్ణి అడిగితే "లాటులో వచ్చింది సార్" అన్నాడు. రసీదు ఇవ్వగలవా అంటే నవ్వాడు. పెట్టేసి వచ్చాము. అబ్బాయికి కోపం వచ్చింది. వాడికి చెప్పినది ఇక్కడా చెబుతున్నాము. దొంగసొత్తు అని తెలిసి, లేక అలా అనుకోవడానికి కారణం ఉండి కొన్నవాడు కూడా నేరస్థుడే. ఇది పాత శిక్షాస్మృతిలో 411వ సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను. మన ప్రాంతంలో ఇది ఊరికే పుస్తకంలోని మాట కాదు. రాగి కేబులు ముక్క, ఇత్తడి వాల్వు, పట్టా బోల్టు చవకగా వస్తున్నదంటే అది ఎక్కడినుండి ఊడి వచ్చిందో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ ఊడిన చోట ఇంకొకరి కొడుకు పని చేస్తుంటాడు.

ఇంకో రెండు విషయాలు త్వరగా చెప్పి ముందుకు పోతాము. వంద సంవత్సరాలు దాటిన విగ్రహాలు, లోహపు పనులు, చిత్రాలవంటివి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. విలువగల చేతిరాత గ్రంథాలకైతే డెబ్బై అయిదేళ్ళే. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడానికి వీలులేదు. అమెరికాలో ఉన్న కూతురికి పెట్టెలో పెట్టి పంపుదామనుకునేవారు గమనించాలి. అలాగే జింక కొమ్ములు, పులిగోరు, ఏనుగు దంతం ఎంత పాతవైనా సరే, ఎంత తాతలనాటివని చెప్పినా సరే, కొనకూడదు. అదీ 1972లో వచ్చిన వన్యప్రాణి చట్టమే. గోదావరి అడవుల పక్కన ఉన్నవారికి ఇవి ఎవరో ఒకరు తెచ్చి చూపుతూనే ఉంటారు.

ఆదివారం అబిడ్స్‌లోని సెయింట్ జార్జి చర్చిలో ఆరాధనకు వెళ్ళి, బయటికి వచ్చి నడుచుకుంటూ పుస్తకాల వరుసలోకి వచ్చాము. ఆరాధననుండి నేరుగా బజారుకా అని కొందరు చదువరులు అనుకోవచ్చు. అనుకోండి, మేమూ అనుకున్నాము. అక్కడ ఇంజనీరింగు పుస్తకాలు, పాత వారపత్రికలు, ఇంగ్లీషు నవలల మధ్య ఒక నల్లని అట్ట కనబడింది. వీపు చిరిగి గుడ్డ అతికించి ఉన్నది. తీసి చూస్తే తెలుగు పరిశుద్ధ గ్రంథము. అంచులు చేతి చెమటకు నల్లబడి, కీర్తనల దగ్గర దానంతటదే తెరుచుకుంటున్నది. ముందు తెల్ల పుటలో సిరా రాత.

మన పెద్దలు ఇళ్ళలో ఇట్లా రాసేవారని వేరే చెప్పనక్కరలేదు. వివాహము 1939. అది దోర్నకల్ కతీడ్రల్ ప్రతిష్ఠ జరిగిన సంవత్సరం. ఊరు కూడా ఆ దోర్నకల్ చుట్టుపక్కలదే. దాని కింద నాలుగు జననాలు, నాలుగు బాప్తిస్మాలు. మొదటిది 1941, ఆడపిల్ల. ఆ వరుస చివరనే వేరే సిరాతో "ప్రభువునందు నిద్రించినది, 1942" అని ఉన్నది. తరువాత 1944, 1947, 1951. అక్షరాలు మొదట గుండ్రంగా ఉండి, చివరికి వచ్చేసరికి కాస్త వణికినట్టు ఉన్నవి.

ధర అడిగాము. యాభై రూపాయలు అన్నాడు. మేము ఆ పుటనే చూస్తున్నామని గమనించి ఆ అబ్బాయి మంచి మనసుతోనే, "ఆంటీ, ఆ రాసిన కాగితం చింపేస్తాను, నీటుగా అయిపోతుంది" అని చెయ్యి చాపాడు. మాలో ఒకరు గట్టిగా "వద్దు!" అన్నారు. పక్కన పుస్తకాలు చూసుకుంటున్నవారు తిరిగి చూశారు. గురువారంనాడు తెరవని నోరు అప్పుడు తెరుచుకున్నది. యాభై ఇచ్చి తెచ్చుకున్నాము.

గోదావరిఖనికి తిరిగి వచ్చాక ఆ పాస్టరేటు అయ్యగారికి ఉత్తరం రాశాము. పుటలో ఉన్నది అంతా ఎత్తి రాసి, ఈ కుటుంబంవారు ఎవరైనా ఉంటే తెలియజేయమని కోరాము. నెలన్నర జవాబు లేదు. ఉత్తరం అందలేదేమో, లేక ఇదేమి చాదస్తమని ఊరుకున్నారేమో అనుకున్నాము. ఒకరోజు ఫోను వచ్చింది. కొత్తగూడెం ఏరియాలో ఓపెన్‌కాస్టు గనిలో ఎలక్ట్రీషియనుగా పనిచేసే ఒకాయన. 1944లో పుట్టిన అమ్మాయికి కొడుకు. మనవాళ్ళే, సింగరేణి వాళ్ళే! వచ్చే సెలవునాడు వస్తానన్నాడు.

బస్సు మారి బస్సు మారి మధ్యాహ్నానికి చేరుకున్నాడు. అన్నం తిన్న తరువాతే చూస్తానన్నాడు. తింటూ చెప్పాడు. దొంగతనం ఏమీ జరగలేదు. ముసలివారు పోయాక అన్నదమ్ములు ఇల్లు అమ్ముకున్నారు, టేకు అలమార ఖమ్మంలో పాత సామాను కొనేవానికి ఇచ్చారు, అలమారలో ఉన్నది ఉన్నట్టే పోయింది. ఎవరూ తీసి చూడలేదు. "మేమే అమ్ముకున్నాం సార్. ఎవరిననడానికీ లేదు" అన్నాడు. మన కోల్‌బెల్టులో ఇది కొత్త సంగతి కాదు. రిటైరయినవారు క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు చూస్తున్నాము గదా. ముప్పై ఏళ్ళ సామాను ఒక ఆటో ట్రాలీలో పట్టదు, ఊరిలో పెట్టుకునే చోటు ఉండదు. 1999లో రామగుండం ఎరువుల కర్మాగారం మూతబడినప్పుడు ఆ టౌన్‌షిప్ ఇళ్ళనుండి మంచాలు, బీరువాలు ఎంత చవకగా చేతులు మారినవో ఇక్కడి పాతవారికి తెలుసు. కొన్నవారు సంతోషించారు. అమ్మినవారి ముఖాలు చూడకుండానే కొన్నాము, మేముకూడా ఒక రాత బల్ల.

చేతులు కడుక్కొని, తుడుచుకొని, పుస్తకం తీసుకున్నాడు. ముందు పుట తీశాడు. మొదటి వరుస దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు. వాళ్ళ అమ్మగారికి ఇప్పుడు ఎనభై దాటినవి. తనకంటే ముందు ఒక అక్క పుట్టి ఏడాది తిరగకముందే పోయిందని ఆమె ఎప్పుడూ చెప్పేవారట. పేరు మాత్రం తెలియదు. తల్లి ఆ పేరు ఎత్తేవారు కాదట, అడిగితే లేచి వంటింట్లోకి పోయేవారట. ఆ తరంవారు ఎవరూ మిగలలేదు. ఇప్పుడు ఆ పేరు అతని వేలికింద ఉన్నది.

మా ఇంటి ఫోను మీదనుండే తల్లికి చేశాడు. "అమ్మా, పెద్దమ్మ పేరు దొరికింది" అని చదివి వినిపించాడు. అటునుండి కొంచెంసేపు ఏమీ వినబడలేదు. మళ్ళీ చదవమన్నారు కాబోలు, మళ్ళీ చదివాడు. మూడోసారి అక్షరం అక్షరం విడదీసి చదివాడు. మేము వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టే పని పెట్టుకున్నాము.

వెళ్ళేటప్పుడు యాభై రూపాయల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. వద్దన్నాము. "కాదమ్మా, మీరు కొన్నారు. నేను కొనుక్కుపోతున్నాను. ఈసారి అమ్మము" అన్నాడు. ఆ మాట అన్నాక కాదనడం మర్యాద కాదని తీసుకున్నాము. సంచిలో తువ్వాలు పరిచి దాంట్లో పుస్తకం చుట్టుకొని వెళ్ళాడు.

ఆ రాత్రి కోడలికి ఫోనులో ఇదంతా చెప్పాము. విన్నది. ఏమీ అనలేదు. వారం తరువాత తానే ఫోను చేసింది. గంగాళంలో నీళ్ళు ఒంపేసి, టార్చి వెలుతురు ఏటవాలుగా పెట్టి మెడకింద చూసిందట. పాలిష్ పట్టిన చోట ఇంకా మిగతా ఇత్తడి రంగు రాలేదట, తెల్లగానే ఉన్నదట. "అత్తమ్మా, మొదటి అక్షరంలో మూడు చుక్కలు మిగిలినయి. ఆ పేరు మీకు గుర్తుందా?" అని అడిగింది. గుర్తున్నది. చెప్పాము, ఒక కాగితం మీద రాసుకున్నది.